సందెగోరింట పూసిన తోట

కొండల దిగువన ఒకానొక రాజ్యాన్ని ధరణికేతుడనే రాజు ఏలేవాడు. తన ఆజ్ఞకు ఎదురుండకూడదన్నది ఆయన పట్టుదల.

ఆయన రాణి చిన్నమాంబ కోటకు ఉత్తరాన ఉన్న మబ్బుకొండ ఆడపడుచు. ఆమె జబ్బుచేసి కన్నుమూసింది. ఆమెకు ప్రాణమైన సందెగోరింట మబ్బుకొండ మీద తప్ప లోకంలో మరెక్కడా పెరగని పొద. అది రాజోద్యానంలో పూయాలని రాజు ఆజ్ఞాపించాడు. తోటమాలి బసవయ్య ఎన్ని మొక్కలు తెచ్చి నాటినా వాడిపోయాయి.

"నా ఆజ్ఞను మీరినవాడికి శిరచ్ఛేదమే" అని రాజు అతణ్ణి చెరసాలలో వేయించాడు.

ఆస్థానంలో పేరన అనే చతురుడు ఉండేవాడు. అతడు చెరసాలకు వెళ్ళి చూస్తే, బసవయ్య గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను చేయని సేవ లేదయ్యా. ఆ మొక్కకు ఇక్కడి నేల పడలేదు" అన్నాడు.

పేరనకు ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు రాజు ముందు నిలబడ్డాడు.

"ప్రభూ, తమ ఉద్యానంలో ఆ పువ్వును నేను పూయిస్తాను. తోట విషయంలో నా మాట చెల్లనివ్వండి. పూయకపోతే నా తల కూడా తీయించండి."

రాజు సరేనని తన రాజముద్ర ఉన్న ఉంగరం ఇచ్చాడు.

పొదలు పూతకు వచ్చిన రోజు పేరన రాజును పల్లకిలో బయలుదేరదీశాడు. తోట ఉత్తరపు గోడ కూల్చి ఉంది. పల్లకి ఆ దారినే సాగి, కొండెక్కి ఆగింది. చుట్టూ సందెగోరింట విరగబూసి ఉంది.

"ఇది మబ్బుకొండ" అన్నాడు రాజు కోపంగా.

"తమ ఉద్యానమే ప్రభూ. హద్దురాళ్ళు కొండకు అవతల పాతించాను."

"మొక్కను తోటకు తెమ్మన్నాను. తోటను మొక్క దగ్గరకు తెమ్మన్నానా?"

"మొక్క మాట వినలేదు. గోడ విన్నది."

భటుల చేతులు కత్తుల మీదికి పోయాయి. పేరన మెల్లగా అన్నాడు: "ఇది మహారాణిగారి పుట్టింటి మొక్క. ఆవిడగారు తమ ఆజ్ఞలు ఎన్ని పాటించారు ప్రభూ?"

రాజు చాలాసేపు పూల వంక చూశాడు.

"ఒక్కటీ లేదు" అన్నాడు. అని నవ్వాడు. రాణి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

తన ముత్యాలహారం తీసి పేరన మెడలో వేశాడు. బసవయ్యను విడిపించి ఆ కొండకే తోటమాలిని చేయమన్నాడు.

ఆ సాయంత్రం పల్లకి ఖాళీగా కోటకు తిరిగి వచ్చింది. రాజు పొదల మధ్య, కటిక నేల మీదే కూర్చుండిపోయాడు.