సింగారి మోసిన ఐదుగురు పిల్లలు

ఎర్రరాళ్ళ అడవిలో కణుజులు, కుందేళ్ళు, అడవికోళ్ళు, ఏదుపందులు కలిసిమెలిసి ఉండేవని చెప్పాలని ఉంది కానీ, అది నిజం కాదు. అది తొలకరికి ముందు కాలం. ఏ పొద చూసినా పసిపిల్లలే. పసిపిల్లలున్న ఇంట్లో పక్కవాళ్ళ గొడవ ఎవరికి పడుతుంది? ఎవరి తంటాలు వాళ్ళవి.

ఆ అడవిలోనే సింగారి అనే అడవిపిల్లి ఉండేది. ఆమెకు నెల రోజుల పిల్లలు ముగ్గురు. పెద్దవాడు దుబ్బు. వాడి తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, మచ్చ, గవ్వ.

పిల్లుల్లో ఒక ఆచారం ఉంది. పిల్లలు పాలు మానేలోగా ఏడు ఇళ్ళు మారాలి. ఒకేచోట ఎక్కువ రోజులుంటే ఆ చుట్టుపక్కలంతా పాల వాసన పట్టేస్తుంది. ఆ వాసనకు ఎవరైనా రావచ్చు. అందుకని సింగారి అప్పటికే మూడు ఇళ్ళు మారి, వాగు పక్కన కూలిపోయిన మద్దిచెట్టు తొర్రలో నాలుగో కాపురం పెట్టింది. ఉన్నచోటే పడి ఉండేవాళ్ళంటే ఆమెకు మహా చులకన.

ఇల్లు మారేటప్పుడు పిల్లులు లెక్కపెట్టవు. ఒక్కొక్క పిల్లనూ మెడ దగ్గర నోటితో పట్టుకుని, కొత్త ఇంట్లో దింపి, మళ్ళీ పాత ఇంటికి వచ్చి చూస్తాయి. పాత ఇల్లు ఖాళీగా ఉంటే అందరూ వెళ్ళిపోయినట్టే. సింగారి వాళ్ళ అమ్మ అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఒకరోజు ఉదయం తొర్ర ముందు ఇసుకలో లావుపాటి చార కనిపించింది. కొండచిలువ పాకిన చార అది. సింగారి వెంటనే వాగు దాటి వెళ్ళి, అవతలి ఒడ్డున బండకింద ఒక గుహ చూసి వచ్చింది. వాగులో అప్పటికి చుక్క నీళ్ళు లేవు. కానీ కొండల మీద మబ్బు కమ్ముకుంటోంది. పైన వాన పడితే సాయంత్రంలోగా వాగు పొంగుతుంది. ఆలోగా పిల్లలందరినీ దాటించాలి. ఇవతల మిగిలిన పిల్ల కొండచిలువ పాలే.

గుహ పక్కనే గున్నమ్మ అనే అడవిపంది తన తొమ్మిదిమంది పిల్లలతో ఉంటోంది. బయలుదేరేముందు పిల్లలకు ఒక మాట చెప్పి తీసుకురమ్మని ఆమె సింగారికి సలహా ఇచ్చింది. సింగారి మూతి తిప్పింది. నెల రోజుల పిల్లలకు ఏం చెబుతాం, వాళ్ళకేం అర్థమవుతుంది అంది. అయినా తమ వంశంలో ప్రయాణమప్పుడు ఎవరూ నోరు మెదపరట. నోట్లో పిల్ల ఉంటే ఎలా మెదుపుతారు మరి!

సింగారి మొదట దుబ్బుని మోసింది. దారంతా వాడు ఎక్కడికి పోతున్నామని అడుగుతూనే ఉన్నాడు. నోరు ఖాళీ లేదు కాబట్టి ఆమె జవాబు చెప్పలేదు. వాడిని చీకటి గుహలో దింపి, వచ్చినదారినే పరుగెత్తింది. తర్వాత మచ్చని మోసింది. తర్వాత గవ్వని మోసింది. ముగ్గురినీ చేరవేసి, ఆచారం ప్రకారం పాత ఇల్లు చూడటానికి వచ్చింది.

తొర్ర చీకట్లో ఒక పిల్ల అటు తిరిగి కూర్చుని ఉంది.

సింగారి తెల్లబోయింది. ఇంకొకరు మిగిలారా? సరే, ఆలోచించే తీరిక ఎక్కడిది? మెడ పట్టుకుని బయలుదేరింది. ఆ పిల్ల దుబ్బే. అమ్మ అటు తిరగ్గానే గుహలోంచి బయటపడి, ఎండిన వాగు దాటి, పొదల్లోంచి నడుచుకుంటూ వచ్చేశాడు. కానీ మెడ పట్టుకుని మోసే తల్లికి పిల్ల ముఖం కనిపించదు. అందరిదీ ఒకే పాల వాసన. ఆమెకు ఎలా తెలుస్తుంది?

వాడిని గుహలో దింపి, వాగు ఒడ్డున కాసేపు ఆయాసం తీర్చుకుని మళ్ళీ వచ్చింది. తొర్రలో మళ్ళీ ఒక పిల్ల కూర్చుని ఉంది.

ఈసారి సింగారికి తల తిరిగిపోయింది. నాకు ఇంతమంది పిల్లలు ఎప్పుడు పుట్టారు? పాలిచ్చేటప్పుడు ఇంతమంది ఉండేవారా? ఏమో, నిద్ర చాలక మరచిపోయానేమో. పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆమెకు కంటినిండా కునుకే లేదు, పాపం. అన్నీ మరచిపోతూనే ఉంది. మెడ నొప్పిగా ఉన్నా ఐదోసారి మోసింది.

ఆరోసారి వచ్చేసరికి తొర్ర ఖాళీగా ఉంది. అమ్మయ్య అనుకుంది. దుబ్బు అప్పటికి సగం దారిలో ఒక పొద చాటున ఉన్నాడు. తల్లి అటు పక్కనుంచే వెళ్ళిపోయింది, చూడలేదు.

గుహకు చేరి పాలివ్వడానికి పడుకుంటే ఇద్దరే వచ్చారు. మచ్చ, గవ్వ. సింగారి లేచి గుహ అంతా వెతికింది. రాళ్ళ వెనక చూసింది. బయటికి వచ్చి చూసింది. మళ్ళీ లోపలికి వెళ్ళి, చూసిన రాళ్ళ వెనకే మళ్ళీ చూసింది. అంతలో వాగు పైనుంచి హోరు వినిపించింది. ఎర్రటి నీళ్ళు బండలను తోసుకుంటూ వచ్చేశాయి.

అప్పుడు సింగారి పరువు పక్కన పెట్టి గున్నమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, ఐదుగురిని మోశాను. ఇద్దరే ఉన్నారు. నాకు అసలు ఎంతమంది పిల్లలు?"

గున్నమ్మ నవ్వలేదు. తొమ్మిదిమందిని పెంచే తల్లి కాబట్టి ఆమెకు ఆ అయోమయం ఏమిటో తెలుసు. తనకూ లెక్క రాదని, రోజుకు పదిసార్లు పిలుస్తానని, ఎవరు పలకకపోతే వాళ్ళ కోసం వెళ్తానని చెప్పింది. నువ్వూ పిలువు అంది.

సింగారి సందేహించింది. పిలిస్తే శత్రువులకు వినబడుతుంది. వంశంలో ఎవరూ పిలవలేదు. కానీ వాగు పెరుగుతోంది. ఆమె ఒడ్డున నిలబడి గట్టిగా అరిచింది. వెనకనుంచి మచ్చ పలికింది. గవ్వ పలికింది. కాసేపటికి వాగు అవతల, మద్దితొర్రలోంచి, దుబ్బు పలికాడు.

ముగ్గురే! ఆ ముక్క తెలిసినందుకు సంతోషించాలో, పెద్దవాడు అక్కడ ఉన్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు. ఆడపిల్లలను గుహలోనే గున్నమ్మకు అప్పగించి వాగులోకి దూకింది. పిల్లులకు నీళ్ళంటే ఎంత అసహ్యమో మీకు తెలుసు. నీళ్ళు ఆమెను రెండుసార్లు ముంచి, ఒక బండకేసి కొట్టాయి. ముందుకాలు మెలిపడింది. కుంటుకుంటూ ఒడ్డెక్కి, దుబ్బుని నోట కరుచుకుని చూసేసరికి కొండచిలువ తొర్ర వైపే వస్తోంది. పక్కనున్న ఇప్పచెట్టు ఎక్కి, ఎత్తైన కొమ్మ మీద వాడిని దింపింది.

నోరు ఖాళీ అయింది. ఎక్కడికీ పోవడానికి లేదు. కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. ఎందుకు పారిపోయావని దుబ్బుని నిలదీసింది.

దుబ్బు వింతగా చూశాడు. "పారిపోలేదమ్మా. ఇంటికి వచ్చాను. నువ్వే దారి తప్పి మమ్మల్ని ఎక్కడో దింపేస్తున్నావు. నువ్వు వెతుక్కుంటూ వస్తావని ప్రతిసారీ ఇంట్లోనే కూర్చున్నాను."

పొద్దున్నుంచి వాడు దారి పొడుగునా అడిగిన ప్రశ్న సింగారికి అప్పుడు నిజంగా వినిపించింది. కింద కొండచిలువ తొర్రలోకి దూరి, చుట్ట చుట్టుకుని పడుకుంది. మన ఇంట్లోకి ఎవరో వచ్చారని దుబ్బు గుసగుసలాడాడు.

"అందుకే ఇల్లు మారాం, నాన్నా. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, నాదే తప్పు."

పొద్దు వాలేసరికి వాగు తగ్గింది. చెట్టు దిగాక ఈసారి సింగారి దుబ్బుని నోట పట్టుకోలేదు. కాలు కుంటుతూ పక్కనే నడిపించింది. ఇది మనం దాటే చోటు, అది గున్నమ్మ పెద్దమ్మ ఉండే పొద, ఆ బండ కిందే మన కొత్త ఇల్లు అని ఒక్కొక్కటీ చూపించింది. వాడు ప్రతిదానికీ ఎందుకని అడిగాడు. ఎందుకో ఆమె చెప్పింది. నోటితో మోస్తే చిటికెలో అయ్యే ప్రయాణానికి బోలెడంత సేపు పట్టింది. ఆ కాలు నొప్పి మాత్రం వానాకాలమంతా ఆమెను వదల్లేదు. వేట సాగని రోజుల్లో గున్నమ్మ తవ్విన చోట దొరికిన ఎలుకలతోనే సరిపెట్టుకుంది. గున్నమ్మ పిల్లలు మాత్రం తొమ్మిదిమందీ బొద్దుగా తిరిగారు.

గుహలోకి అడుగు పెట్టగానే దుబ్బు దర్జాగా చెల్లెళ్ళతో, ఇదే మన ఇల్లు అన్నాడు.

పొద్దున్నుంచి అక్కడే కూర్చున్న మచ్చ, గవ్వ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇదా?" అన్నారు ఇద్దరూ.

సింగారి వాళ్ళ ముందు కూర్చుని, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.

నీతి: పిల్లలను మోసుకుపోతే చోటు మాత్రమే మారుతుంది, ఎక్కడికో ఎందుకో చెప్పి తీసుకువెళ్తేనే అది ఇల్లు అవుతుంది.