తొట్టిలో చేపలు, తెరమీద గీత

నీలవేణికి పెద్ద చిక్కొచ్చిపడింది. డేటాబేసు దొరక్క కాదు. దొరికింది, బ్రహ్మాండంగా ఉంది. కానీ ఉస్తాద్ మాత్రం సరేననడం లేదు.

భీమవరంలో వాళ్ల కంపెనీ చేపల చెరువుల రైతులకి సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తుంది. ప్రతి చెరువులోనూ ఒక సెన్సారు నీళ్లలో ఆక్సిజన్ కొలుస్తూ, కొలిచిన అంకెని అప్పటికప్పుడు ఆఫీసుకి పంపుతుంది. ఆ అంకెల్ని బట్టి రైతు ఫోనుకి కబురు వెళ్తుంది, మేత వేయొచ్చనో, ఆపమనో. చెరువులు పెరిగేసరికి అంకెలు వరదలా వచ్చిపడ్డాయి, పాత డేటాబేసు చతికిలబడింది. కొత్తది ఎంచే పని నీలవేణికి అప్పగించారు. సాయంత్రం మీటింగులో ఆమె ఏ పేరు చెబితే, ఇకమీదట ఆ చుట్టుపక్కల రైతులంతా దాన్నే నమ్ముకుంటారు.

ఉస్తాద్ అంటే మస్తాన్ వలీ గారు. ఆఫీసులో అందరికంటే పెద్దాయన, నీలవేణికి పని నేర్పిన మనిషి. నేర్పారంటే కూర్చోబెట్టి పాఠాలు చెప్పారనుకునేరు! ఏమడిగినా "చూద్దాం" అంటారు, అంతే. ఆ చూడటంలోనే అవతలివాళ్లకి తత్వం బోధపడుతుంది. అలాంటి మనుషులు ఎక్కడోగాని ఉండరు.

"చివరికి మిగిలిన రెండు డేటాబేసులూ అంకెల వరదకి ఆగాయి ఉస్తాద్. కానీ నేను ఎంచిన దీని ముందు ఆ రెండోది ఉత్త నత్త," అంది నీలవేణి. "ఇది వచ్చినవాటిని టైము వరసలో రాసుకుంటూ ముందుకే పోతుంది. వెనక్కి తిరిగి చూడదు. అందుకే అంత జోరు."

"ఎక్కడ పరీక్ష చేశావమ్మా?"

"ఇక్కడే, మన ఆఫీసులోనే. ఒక్క అంకె పోతే ఒట్టు!"

ఆ గొంతులో గర్వం దాగితే కదా! ఊరికే వచ్చిన గర్వం కూడా కాదు. ఎన్నాళ్లుగానో తిండి ధ్యాస లేకుండా దానిమీదే కూర్చుంది పిల్ల.

"చూద్దాం," అన్నారు ఉస్తాద్.

ఆఫీసులో ఒక మూల పరీక్షల కోసం పెట్టుకున్న గాజు తొట్టి ఉంది. దాన్నిండా బొచ్చె చేపపిల్లలు కిక్కిరిసి తిరుగుతున్నాయి. నీళ్లలో ఒక సెన్సారు, గాలి కొట్టే చిన్న మోటారు. ఆ మోటారుకీ, పక్కనున్న నెట్ పెట్టెకీ ఒకటే ప్లగ్గు బోర్డు. ఉస్తాద్ వంగి, ఆ బోర్డు స్విచ్చి ఆపేశారు.

"అయ్యో, నెట్ పోయింది ఉస్తాద్!"

"పోనీ. పద, భోంచేద్దాం."

సెన్సారుకి సొంత బ్యాటరీ ఉంది. కరెంటు పోయినా అది కొలుస్తూనే ఉంటుంది, కొలిచినవి తనలో దాచుకుని నెట్ వచ్చాక పంపుతుంది. ఆ ధీమాతోనే నీలవేణి క్యారేజీ విప్పింది. ముద్ద ముద్దకీ తన డేటాబేసు గొప్పలు చెప్పింది. ఆయన నిమ్మళంగా పెరుగన్నం తింటూ అంతా విని, "ఆవకాయ బాగా కుదిరిందమ్మా," అన్నారు. ఆమెకి ఒళ్లు మండింది.

తిరిగొచ్చేసరికి తొట్టిలో చేపపిల్లలన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

"చచ్చిపోతాయి ఉస్తాద్!" అంటూ నీలవేణి పరుగెత్తి స్విచ్చి వేసింది.

మోటారు బుడగలు వదిలింది. నెట్ పెట్టె ఒక పట్టాన మేలుకునే రకం కాదు. అది లేచేలోగా నీళ్లలో ఆక్సిజన్ మళ్లీ పెరిగింది. అప్పుడు సెన్సారు ముందు తాజా అంకె పంపి, దాని వెనకాలే దాచుకున్న పాతవన్నీ పంపింది.

నీలవేణి కంప్యూటరు వైపు తిరిగింది. తెరమీద నున్నటి గీత ఒకటి తిన్నగా సాగిపోతోంది. దాని కింద ఆకుపచ్చ అక్షరాలు వెలుగుతున్నాయి: మేత వేయవచ్చు.

ఉస్తాద్ మేత డబ్బా మూత తీసి, ఆమె అరచేతిలో గుప్పెడు పోశారు.

"వెయ్యమ్మా."

ఊపిరాడక తేలిన చేపకి ఆ పూట మేత వేస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది. చెరువుల ఊళ్లో పుట్టిపెరిగిన పిల్లకి ఆ సంగతి ఒకరు చెప్పాలా!

"వద్దు ఉస్తాద్. అవి ఇంకా తేరుకోలేదు."

"నీ డేటాబేసు వెయ్యమంటోందిగా."

నీలవేణి ఎడంచేత్తోనే కీబోర్డు లాక్కుని వెతికింది. ఆక్సిజన్ పడిపోయినప్పటి అంకె ఒక్కటీ లేదు. సెన్సారు అన్నీ పంపింది. తాజా అంకె ముందు చేరింది కాబట్టి, ఆ తర్వాత వచ్చిన పాతవాటిని డేటాబేసు వరస తప్పినవని బయటికి తోసేసింది. అటు చివరా ఇటు చివరా మిగిలిన మంచి అంకెల్ని కలిపి తెరమీద గీత గీసేసింది.

ఏ రైతో ఈ ఆకుపచ్చ అక్షరాలు నమ్మి చెరువు నిండా మేత చల్లితే? ఆ ఊహకే ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. ఒక్క స్విచ్చితో ఇంత చూపించి, పల్లెత్తు మాట అనకుండా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

మేత డబ్బాలో పోసేసి, సెన్సారులో ఉన్న అంకెల్నే ఈసారి ఆ రెండో డేటాబేసుకి పంపింది. అది తాపీగా ఒక్కోదాన్నీ దాని చోట కూర్చోబెట్టింది. గీత మధ్యలో లోతుగా కిందికి దిగింది. అక్షరాలు ఎర్రబడ్డాయి: మేత ఆపండి.

నీలవేణి మెల్లగా అంది, "మీటింగులో ముందు స్పీడు ఎంతనే అడుగుతారు ఉస్తాద్. ఇంత నిదానం ఎందుకంటే ఏం చెప్పను?"

ఉస్తాద్ తొట్టిలోకి వంగి చూస్తున్నారు. చేపపిల్లలు ఒక్కొక్కటిగా అడుక్కి దిగుతున్నాయి.

"కరెంటున్నప్పుడు చెరువు బతుకు అది బతుకుతుందమ్మా," అన్నారు. "రైతు మనల్ని పెట్టుకున్నది కరెంటు పోయినప్పటి కోసం."