భూతానికి రాసిన పీఠిక

మణికేతు మహారాజు కోటలో పనులన్నీ మరబొమ్మలే చేసేవి. ప్రతి బొమ్మ పొట్టలోనూ తాటాకులు. వాటి మీద ఎలా రాసి ఉంటే బొమ్మ అలా చేసేది. ఒకనాడు స్నానాలగదిలో బొమ్మ నీళ్లు పోసింది, పోసింది, పోస్తూనే ఉంది. రాజుగారు తొట్టిలో తేలారు.

"ఆకుల్లో తప్పులున్నాయి! ప్రతి ఆకూ వెదికించండి!" అని ఒళ్లు తుడుచుకుంటూ కేకలేశారు.

వెదకడానికి పనిముట్లు ఉన్నాయి. తప్పున్న చోట ఎర్రబడే అద్దం ఒకటి, ఒకే ఆజ్ఞ రెండుసార్లు రాస్తే మోగే గంట ఒకటి. కానీ గదుల నిండా ఉన్న ఆకుల్ని ఎవరు చూస్తారు? ఒక సిద్ధుడు జాలిపడి తన భూతాన్ని ఇచ్చాడు.

"దీనికి అలుపు లేదు, సొంత ఊహ అంతకంటే లేదు. రాసి ఇచ్చింది చేస్తుంది. నోటిమాట వినదు" అని చెప్పి ఆయన దారిన ఆయన వెళ్లిపోయాడు.

అంటే అద్దం, గంట ఎలా వాడాలో భూతానికి ఎవరో రాసి ఇవ్వాలి. ఆస్థాన పండితుడు వాచస్పతి భట్టు ఆ పని తన మీద వేసుకున్నాడు. వానాకాలమంతా రాసి, పట్టుశాలువా కప్పుకుని సభలో చదివాడు. మొదట దేవతలను పొగిడాడు. తరువాత రాజును. ఆపైన తన ముత్తాత దగ్గర్నుంచి తన దాకా వంశాన్ని. అద్దం వాడకం దాకా వచ్చేసరికి సగం సభ కునుకు తీస్తోంది. మెలకువ వచ్చినవాళ్లు వచ్చినట్టే "ఆహా!" అన్నారు.

విదూషకుడు గవరయ్య మాత్రం ఆవులించాడు. కాస్త పైకే.

"ఏం గవరయ్యా, నచ్చలేదా?" అన్నారు రాజుగారు.

"వినడానికి కమ్మగానే ఉంది ప్రభూ. కానీ ఇది భూతానికి కదా! అద్దం ఎలా పట్టాలి, ఎరుపు కనబడితే ఏం చేయాలి, ఎక్కడితో ఆపాలి, ఆ ముక్కలు నాకు వినబడలేదు."

"బుద్ధి ఉన్నవాడికి అర్థమవుతుంది" అన్నాడు భట్టు శాలువా సర్దుకుంటూ.

"భూతానికి అది లేదనే కదా భట్టుగారూ, సిద్ధుడు చెప్పిపోయింది!"

సభ కిసుక్కుమంది. భట్టు ముఖం కందగడ్డయింది. "ప్రభూ! ఈ కొలువులో వీడు ఉండాలో నేను ఉండాలో ఇప్పుడే తేల్చండి!"

రాజుగారికి ఇలాంటి తగవులంటే భలే సరదా. "రేపు భూతం ఈ గ్రంథం చూసి సరిగా పని చేసిందా, గవరయ్యా, నువ్వు మూట సర్దుకో. చేయలేదా, భట్టుగారు సర్దుకుంటారు."

గవరయ్యకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో బోలెడుమంది పిల్లలు. నవ్వించడం తప్ప తనకు ఇంకో పని చేతకాదు. ఆ ఆవలింత ఏదో లోపలే మింగేస్తే పోయేదిగా అనుకున్నాడు.

మర్నాడు భూతం వచ్చింది. పీట మీద గ్రంథం తెరిచి ఉంది. మొదటి పద్యం చదివి దేవతలకు బుద్ధిగా దణ్ణం పెట్టింది. భట్టు గవరయ్య వంక చూసి కళ్లెగరేశాడు. గవరయ్య మనసులోనే మూట కట్టుకోవడం మొదలుపెట్టాడు.

రెండో పద్యం: "రాజపాద ధూళిని శిరసున దాల్చి, పిదప అద్దమును చేపట్టవలెను."

భూతం నేరుగా గద్దె దగ్గరికి వెళ్లింది. రాజుగారి రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా ఎత్తింది. దులిపింది. కిరీటం దొర్లిపోయింది. అప్పుడే పన్నీటితో కడిగిన కాళ్లు, ధూళి ఎక్కడిది? మళ్లీ దులిపింది.

"ఓరి భూతమా! దించరా!"

"నోటిమాట వినను. ధూళి పడ్డాకే అద్దం" అంటూ గ్రంథం వంక ఇంకోసారి చూసుకుని, ఇంకా గట్టిగా దులిపింది.

భటులు కత్తులు దూశారు గానీ, ఎటు పొడిచినా రాజుగారికే తగిలేట్టుంది.

"భట్టూ! ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

"ప్రభూ, అది... అది మర్యాదకు రాసిన మాట... భావం గ్రహించాలి..."

భూతం భావం కోసం ఆగలేదు.

"గవరయ్యా! నువ్వైనా చెయ్యి, చచ్చిపోతున్నా!"

గవరయ్య ఒక్క ఉరుకు ఉరికి, ఘంటం తీసి, ఆ పద్యం కింద ఒక ముక్క గీకాడు. భూతం వంగి చదివింది. రాజుగారిని పువ్వును పెట్టినట్టు గద్దె మీద పెట్టి, గిరుక్కున భట్టు వైపు తిరిగింది.

"ఏం రాశావురా?" భట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"రాజుగారి దగ్గర ధూళి లేకపోతే, గ్రంథం రాసినాయన్ని దులిపి, రాలింది నెత్తిన వేసుకోమన్నాను. మీ ముత్తాతగారి నాటి నుంచి పేరుకున్నది బోలెడుంటుందిగా!"

ఆ మాట పూర్తికాకముందే భట్టు గాలిలో ఉన్నాడు. శాలువాలోంచి పొడుం డబ్బా జారింది. పొడుమంతా భూతం నెత్తిన పడింది. భూతం స్తంభాలు అదిరేలా తుమ్మి, భట్టును కింద పెట్టి, వెళ్లి బుద్ధిగా అద్దం అందుకుంది.

సభంతా పడీపడీ నవ్వింది. నిన్న "ఆహా" అన్నవాళ్లు అందరికంటే పెద్దగా నవ్వారు. రాజుగారు కిరీటం వెదుక్కుని పెట్టుకుని, మెడలో ముత్యాలహారం తీసి గవరయ్య మీదికి విసిరారు.

"భట్టుగారూ, మీ మూట మీరు సర్దుకోండి. గవరయ్యా, ఆ గ్రంథం ఇక నువ్వే రాయి. ఒరేయ్, అన్నిటికంటే ముందు అందులోంచి నన్ను తీసెయ్!"