చుక్కన్న బదులు పలికిన గోరువంక

పాలవాగు అడవిలో ఒక ముసలి ఎలుగుబంటి, ఒక ఎలుక, ఒక నెమలి, నాలుగు కోతులు, చుక్కన్న అనే దుప్పి, కిన్నెర అనే గోరువంక ఉండేవి. ఎవరికి వారుగా భయపడుతూ బతకలేక ఇవన్నీ కలిసి ఒక జట్టు కట్టుకున్నాయి. దానికి తోడుజట్టు అని పేరు పెట్టుకున్నాయి.

ఆ జట్టులో చేరాలంటే వాగు ఒడ్డున ఉన్న నల్లబండ మీద కాలు పెట్టి ఒక మాట ఇవ్వాలి. "నా గొంతు వినపడకపోతే మీరు నన్ను వెతకండి. మీ గొంతు వినపడకపోతే నేను మిమ్మల్ని వెతుకుతాను." అంతే, ఇంకే నియమాలూ లేవు.

రోజూ పొద్దుగూకే వేళ ఎలుగుబంటి ఆ బండెక్కి ఒక్కొక్కరి పేరూ పిలిచేది. పిలిచినవారు ఉన్నచోటి నుంచే పలకాలి. పలకనివారి కోసం మిగతావన్నీ అప్పటికప్పుడు బయలుదేరాలి. అలా ఒకసారి నెమలిని ముళ్లకంప నుంచి, ఇంకోసారి ఒక కోతిని వేటగాళ్ల వల నుంచి కాపాడుకున్నాయి. ఆ రోజు వలతాళ్లు కొరికింది ఎలుకే.

కిన్నెర కార్చిచ్చు తరువాత జట్టులోకి వచ్చింది. మంటల్లో గూడు పోయింది, అమ్మానాన్నలూ పోయారు. దిక్కులేక ఏడుస్తున్న దాన్ని చుక్కన్నే కొమ్ముల మీద కూర్చోబెట్టుకుని బండ దగ్గరికి తెచ్చింది. ఆ సాయంత్రం ఎలుగుబంటి మొదటిసారి "కిన్నెరా!" అని పిలిస్తే దాని ఒళ్లు పులకరించింది. 'నా పేరు పిలవడానికీ ఒకరున్నారు' అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

కిన్నెరకి ఒక విద్య వచ్చు. ఎవరి గొంతునైనా అచ్చుగుద్దినట్టు దించేస్తుంది. ఆ విద్య చూసుకుని దానికి కాస్త గర్వం. కాస్తేమిటి, బోలెడు గర్వం!

ఆ ఏడు వానలకి వాగు అవతలి గట్టున లేతగడ్డి ఏపుగా పెరిగింది. చుక్కన్న పగలంతా అక్కడే మేసేది. అక్కడి నుంచి అరిస్తే వాగు హోరులో బండ దాకా వినపడదు. పలకడానికి రోజూ ఇవతలికి రావాలంటే దానికి బద్ధకం వేసింది.

"కిన్నెరా, ఒక్క కూత కోసం ఇంత దూరం ఏం వస్తాను? నా బదులు నువ్వు పలికెయ్యవూ?" అని అడిగింది.

"అదెంత పని, అన్నా! నువ్వు కడుపారా మెయ్యి" అంది కిన్నెర.

ఆ సాయంత్రం వాగు ఇవతలి ఒడ్డున ఉన్న మద్దిచెట్టు ఆకుల్లో దాక్కుని కిన్నెర దుప్పి కూత కూసింది. ఎలుగుబంటి తల ఊపి తరువాతి పేరు పిలిచింది. కిన్నెరకి నవ్వు ఆగలేదు. మర్నాడూ కూసింది. ఆ మర్నాడూ కూసింది. ఇక అదే అలవాటైపోయింది.

ఎలుకకి మాత్రం అనుమానం వచ్చింది. "చుక్కన్న కూత చెట్టు మీద నుంచి వస్తోందేమిటి?" అని అడిగింది.

"దుప్పులు చెట్లెక్కడం నువ్వెప్పుడు చూశావు, తమ్ముడూ? ముందు ఆ చెవులు శుభ్రం చేసుకో!" అంది కిన్నెర. కోతులు ఘొల్లున నవ్వాయి. పాపం, ఎలుక చిన్నబోయింది.

చుక్కన్న రోజూ మధ్యాహ్నం నీళ్లు తాగడానికి వాగు అవతలి ఒడ్డుకి వచ్చి, మద్దిచెట్టు మీది కిన్నెరకి కనపడి వెళ్లేది. ఒకరోజు రాలేదు. పొద్దుగూకింది. ఎలుగుబంటి "చుక్కన్నా!" అని పిలిచింది.

కిన్నెర తటపటాయించింది. 'ఇవాళ నేను దాన్ని చూడనే లేదు. ఊరుకోనా?' అనుకుంది. కానీ ఊరుకుంటే ఇన్నాళ్ల దొంగకూత బయటపడుతుంది, ఎలుక ముందు తల కొట్టేసినట్టవుతుంది. 'అదెక్కడికి పోతుందిలే' అని సర్దిచెప్పుకుంది. దుప్పి కూత కూసింది. అన్నీ నిశ్చింతగా ఇళ్లకి వెళ్లిపోయాయి.

తెల్లవారగానే మనసు ఆగక కిన్నెర వాగు దాటి ఎగిరింది. గడ్డిలో చుక్కన్న పడి ఉంది. మెడకి వేటగాళ్ల ఉచ్చు బిగిసి ఉంది. అరవడానికి గొంతు పెగలక అది కాళ్లతో నేలంతా తవ్వేసింది. కిన్నెర బండ దాకా తిరిగొచ్చి పెట్టిన కేకకి అందరూ వాగు దాటి పరుగెత్తుకొచ్చారు. ఎలుక నాలుగు కొరుకుల్లో తాడు తెంపేసింది. చుక్కన్న లేవలేదు.

"ఒళ్లింకా వెచ్చగానే ఉంది" అంది ఎలుక. "నిన్న సాయంత్రం పలికింది కదా! ఎప్పుడు పడిందో ఏమో" అంటూ ఎలుగుబంటి ఏడ్చింది.

కిన్నెర అక్కడ నిలవలేకపోయింది. చాలా దూరం ఎగిరిపోయి ఒక చెట్టు తొర్రలో దూరింది. ఆ సాయంత్రం తన పేరు పిలిచే వేళకి నోరు విప్పలేదు. 'నేను పలకకపోతేనేం? పీడ పోయిందనుకుంటారు' అనుకుంది.

బాగా పొద్దుపోయాక కింద ఆకుల చప్పుడైంది. ముసలి ఎలుగుబంటి కుంటుతూ, రొప్పుతూ వస్తోంది. దాని వీపు మీద ఎలుక ఉంది. నెమలి పొదపొదకీ తొంగిచూస్తోంది, కోతులు చెట్టుచెట్టూ వెతుకుతున్నాయి. "కిన్నెరా! ఎక్కడున్నావమ్మా?" అని పిలిచి పిలిచి ఎలుగుబంటి గొంతు బొంగురుపోయింది.

కిన్నెర తొర్రలోంచి దాని కాళ్ల మీద వచ్చి పడింది. "నాకోసం వెతక్కండి! నిన్న పలికింది చుక్కన్న కాదు, నేను. ఇన్నాళ్లూ నేనే. నన్ను వెళ్లగొట్టండి" అని భోరుమంది.

ఎలుక ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఎలుగుబంటి వంగి కిన్నెరని లేవనెత్తింది.

"నువ్వు పలకలేదు, మేం వచ్చాం. నిన్న నువ్వు ఊరుకుని ఉంటే దానికోసమూ ఇలాగే వచ్చేవాళ్లం, తల్లీ."

వెళ్లగొట్టినా కిన్నెర ఓర్చుకునేది. ఈ మాట ఓర్చుకోలేకపోయింది.

నీతి: తోటివారి బదులు మనం 'ఉన్నాను' అని పలకడం సాయం కాదు. ఆపదలో వారిని వెతికేవారిని వెనక్కి పంపేయడమే.