మగ్గం గుంటలో నాలుగు పాదాలు

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో సుధ అని ఒకావిడ ఉండేది. మగ్గం గుంటలో కూర్చుని పొద్దస్తమానం చీరలు నేసేది. ఆవిడకి మూడేళ్ళు నిండని కూతురు. ఒక్కచోట నిలిచే పిల్ల కాదు. ఇదిగో, నీలాగే.

ఒకరోజు ఆ పిల్ల మగ్గం మీది పోగులు పట్టుకుని లాగేసింది. పది పోగులు పుటుక్కున తెగాయి. అవి అతికేసరికి సుధకి పూటంతా గడిచిపోయింది. అప్పుడు సుధ వాళ్ళమ్మ, ఉందిలే ఒక తెలివితక్కువ ముసల్ది, "దీని చేతిలో ఫోను పెట్టవే, కుదురుగా కూర్చుంటుంది" అంది. పెట్టింది. పిల్ల కదిలితే ఒట్టు.

మొదట పోగులు అతికేంతసేపే ఇచ్చింది. ఆ తర్వాత అన్నం తినేటప్పుడు ఇచ్చింది. ఆ తర్వాత పడుకునేటప్పుడూ ఇచ్చింది. వీధిలో పిల్లలు "రావే, ఆడుకుందాం" అని పిలిచినా అది తలెత్తేది కాదు. పరుగులు మానేసింది. మాటలు కూడా తగ్గిపోయాయి.

సుధకి మనసు పీకుతూనే ఉంది. అందుకని ఏం చేసిందో తెలుసా? తను జోలపాట పాడుతూ వీడియో తీసి ఫోనులో పెట్టింది. నేను గుంటలో ఉన్నా నా పాట దాని పక్కనే ఉంటుందిలే అనుకుంది, పిచ్చితల్లి.

కొన్నాళ్ళకి పిల్లకి జ్వరం వచ్చింది. సుధ నేత ఆపేసి వచ్చి, ఒళ్ళోకి తీసుకుని అదే పాట ఎత్తుకుంది. పిల్ల తోసేసింది. మళ్ళీ పాడింది. మళ్ళీ తోసేసింది. మూడోసారి ఫోను వైపు చెయ్యి చాపి, "అమ్మ... అమ్మ కావాలి" అని ఏడ్చింది.

ఒళ్ళో పెట్టుకున్న అమ్మని కాదని, ఫోనులో అమ్మ కోసం ఏడ్చింది తల్లీ!  

జ్వరం తగ్గాక సుధ పిల్లని గుంటలోకి దించుకుంది. తన పాదాల మీద దాని పాదాలు పెట్టుకుంది. మగ్గం కింద తొక్కుడు పలకలు ఉంటాయే, అవి ఇద్దరూ కలిసి తొక్కారు. మొదటి రోజు పిల్ల ఫోను కోసం ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. రెండో రోజు ఏడుస్తూనే తొక్కింది. మూడో రోజు, "అమ్మా, ఇంకా" అంది.

ముసల్దీ ఊరుకోలేదు. మోకాళ్ళు సలుపుతున్నా రోజూ సాయంత్రం దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి, దాంతో దాగుడుమూతలు ఆడింది.

అలా ఇద్దరూ తొక్కి నేసిన ఆ చీర మాత్రం ఒకచోట వదులు, ఒకచోట బిగుతు. ఎవరూ తీసుకోలేదు.

ఏమైందంటావా? నువ్వు కప్పుకున్నదేనే. అంచు తడిమి చూడు. అక్కడ వదులుగా తగులుతోందా? అది నువ్వు ఏడుస్తూ తొక్కిన చోటు. ఆ ముసల్దాన్ని నేనే. ఆ రోజు అన్న మాటకి ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది.

అదిగో, మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ వస్తోంది, పాట పాడించుకో.

కథ కంచి దారి పట్టింది,
మగ్గం కాస్త కునుకు తీసింది,
అమ్మ నీ పక్కకి వచ్చింది.