పెంటయ్య దోనెకి దిష్టిబొమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... ఒరే కాశీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే చెల్లి ఏం కప్పుకుంటుందిరా? ఆఁ, అలా సర్దుకోండి. అనగనగా ఒక ఊరు. ఊరంటే చుట్టూ నీళ్ళే. వాకిట్లోంచి కాలు బయట పెడితే నీళ్ళలోనే పెట్టాలి. పొలానికెళ్ళాలన్నా దోనె, చేపలకెళ్ళాలన్నా దోనె, ఆఖరికి పక్కింటికెళ్ళి వీళ్ళ మీద వాళ్ళకి నాలుగు చాడీలు చెప్పి రావాలన్నా దోనే. దోనె అంటే తాటి మొద్దు తొలిచి చేస్తారు. ఒక్క మనిషి పడతాడు. నీళ్ళకి జానెడు కూడా పైకి లేవదు. మీ తాతయ్యలాంటి వాడు ఎక్కితే ఆ జానెడూ ఉండదు.

ఆ ఊళ్ళో పేరంటాలని ఒకావిడ. ఆవిడకి పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు పాపం. ఆఖర్న ఒక్కడు దక్కాడు. పుట్టగానే వాణ్ణి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొచ్చుకుని, పెంటయ్య అని పేరు పెట్టింది. నవ్వకండి. అలాంటి పేరు పెడితే ఎవరికీ అక్కర్లేని పిల్లాడనుకుని దేవుడు వదిలేస్తాడని. దేవుడంటే అంత అమాయకుడని ఆ రోజుల్లో నమ్మకం.

ఇంక దిష్టి సంగతి చెప్పాలా? నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు చూశారూ, పేరంటాలు ఆ మాట పట్టుకుని కూచుంది. వాడి బుగ్గన చుక్క, అరికాల్లో చుక్క. పెళ్ళయినా చుక్కే. గెడ్డం పెరిగాక బుగ్గ మీది చుక్క ఎవరికి కనబడుతుంది? అయినా పెట్టేది. దోనెకి అందరూ గుగ్గిలం, చేపనూనె రాస్తే ఈవిడ అందులో కుండమసి దండిగా కలిపి పూసేది. దోనె తోసే గెడకీ మసే. వాడికో నల్ల గొంగళి. నీళ్ళ మీద పాట పాడకూడదు, ఈల వెయ్యకూడదు, ఎవరైనా పిలిస్తే పలక్కూడదు. నా కొడుకు మీద ఒక్క కన్ను కూడా పడకూడదనేది. ఊ కొడుతున్నారా, లేక గోడకి చెబుతున్నానా?

సరే. ఆ ఊరికో రాజు. ఏం రాజులే, రాణీగారి నోటికి జడిసి రోజూ పొద్దు వాలేసరికి చల్లగాలికని పెద్ద పడవేసుకుని బయల్దేరేవాడు. పడవ ముందు భాగాన సింహాసనం, దాని మీద గొడుగు, పక్కన మేళం. వెనకాల చుక్కాని పట్టుకునే సరంగుకి ఏం కనబడుతుంది చెప్పండి? గొడుగు, దాని పక్కనించి కళ్ళలోకి కొట్టే ఎర్రటి సూర్యుడు. ఆ రెండూ చూసుకుంటూ నడిపేసేవాడు మహానుభావుడు.

ఓనాడు మన పెంటయ్య చేపలు పట్టుకుని వస్తున్నాడు. నల్ల దోనె, నల్ల గెడ, నల్ల గొంగళి, నోట్లో మాట లేదు. పెద్ద పడవ వచ్చి ధబ్బుమని గుద్దింది. దోనె బోర్లా, చేపలు నీళ్ళపాలు. ఏవిట్రా ఆ కుదుపని రాజు అడిగితే ఏదో దుంగండీ అన్నాడు సరంగు. మేళం మేళమే, పడవ పడవే. వెళ్ళిపోయారు.

పెంటయ్య తడిసి ముద్దై ఇంటికొస్తే పేరంటాలు గుండెలు బాదుకుంది. ఎవరి కన్నో పడిందిరా అని ఇంకాస్త మసి పూసింది. మళ్ళీ గుద్దారు. ఈసారి వాడి చెయ్యి బెణికింది. మళ్ళీ దుంగే అనుకున్నారు. ఆవిడ ఇంకా మసి పూసింది, పైగా జనం ఉండని వేళ చూసి, పొద్దుగూకుతుంటే వెళ్ళి రమ్మంది. రోట్లో తలపెట్టమని తల్లే చెప్పింది చూశారా? ఆ మూడోసారి పెద్ద పడవ వాడి మీదినించే వెళ్ళిపోయింది. ఎలా బయటపడ్డాడో ఏమో, ఒడ్డున పెరిగిన తూటికాడలు పట్టుకుని పాక్కుంటూ గట్టెక్కి, గుక్కలు గుక్కలుగా నీళ్ళు కక్కుకుని మంచాన పడ్డాడు.

వాడి పెళ్ళాం నూకాలు. ఆ పిల్ల నోరు మంచిది కాదు గానీ బుర్ర మంచిది. రెండూ మంచివైతే కథెందుకూ? మొగుడి తల దగ్గర కూచుని ఆలోచించింది. ఇంకోసారి గుద్దితే ఈ మనిషి ఇంటికి రాడు. అలాగని నీళ్ళ మీదికి వెళ్ళకపోతే తిండి లేదు. ఏం చెయ్యాలి? ఓ ఎర్ర గుడ్డ తెచ్చి దోనెకి కట్టింది. అత్తగారు దాన్ని పీకి మసిగుడ్డ చేసేసింది. అందరి కళ్ళూ పడాలనా నీ ఏడుపు అని తిట్టింది కూడా.

 మర్నాడు పొద్దున్న అత్తగారు పెరట్లో వంగమడికి నీళ్ళు పోస్తుంటే నూకాలు వెనకాలే వెళ్ళింది. మడి మధ్యలో కుండ తలకాయతో దిష్టిబొమ్మ ఉంది.

“అత్తా, ఇదెందుకు పెట్టావు?”

“ఎందుకేవిటే, వచ్చేపోయేవాళ్ళ కన్ను ముందు దాని మీద పడుతుంది. కాయలు బాగుంటాయి.”

“అయితే మీ అబ్బాయి వంకాయలపాటి చెయ్యడా?”

పేరంటాలు చెంబు కింద పెట్టి బొమ్మ చుట్టూ ఓసారి తిరిగొచ్చింది. అయితే బొమ్మ నా కొడుకు కంటే వికారంగా ఉండాలి మరి అంది. అది కాస్త కష్టమే అత్తా అని నూకాలు పనిలోకి దిగింది. కుండకి సున్నం కొట్టింది. పళ్ళేలంత కళ్ళు పెట్టింది, ఎర్ర నాలిక బయటికి దించింది, రాజుగారివంటి మీసాలు దిద్దింది. పసుప్పచ్చ చీరముక్క చుట్టి, నీళ్ళలో నిలువెత్తు పెరిగే కిక్కిస గడ్డికి పైన కనబడేలా పొడుగు వెదురుకి కట్టి దోనెలో నిలబెట్టింది. గెడకీ సున్నం కొట్టింది, ఎత్తినప్పుడల్లా తళుక్కుమనేలా. ఎద్దు మెడలోని గంట కూడా వేళ్ళాడదీసింది. మొగుణ్ణి పాటలు కూడా పాడుకోమంది. వాడి గొంతు విన్నవాడెవడూ దగ్గరికి రాడు.

ఊ అనండి, అసలు సంగతి ఇప్పుడే.

పెంటయ్య మంచం దిగి మళ్ళీ నీళ్ళ మీదికెళ్ళిన సాయంత్రం పెద్ద పడవ వస్తోంది. కిక్కిస మీదినించి తెల్లటి మొహం, ఎర్ర నాలిక, గణగణా గంట, కింద పెంటయ్య పాట. సరంగు దెయ్యమో అని కెవ్వున అరిచి చుక్కాని ఒక్క తిప్పు తిప్పాడు. పడవ వెళ్ళి బురదలో దిగబడింది. రాజుగారు తలకిందులుగా వెళ్ళి బురదలో దిగబడ్డారు. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక మేళగాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. పెంటయ్యే వచ్చి సున్నం గెడ అందించి లాగాడు. నువ్వెవడివిరా, ఎప్పుడూ చూళ్ళేదే అన్నాట్ట రాజు. తమరు నన్ను చాలాసార్లు గుద్దేరండి అన్నాడు వీడు, ఎంతో మర్యాదగా.

రాజు బురదలో పడ్డాడని ఊరంతా నవ్వింది. ఆ నవ్వుకి రాజుకి ఒళ్ళు మండి, పొద్దున్నే గట్టు మీద మేళంతో సహా కొలువు పెట్టి ఆ దోనెని తగలెయ్యమన్నాడు. దోనె పోతే వాళ్ళ నోట్లోకి మెతుకు లేదు. నూకాలు ముందుకొచ్చి, ముందు తప్పెవరిదో తేల్చండి బాబూ అంది.

సరంగూ, సరంగూ, పడవెందుకు తిప్పావు? బొమ్మని చూశానండి. బొమ్మా, బొమ్మా, ఎందుకు నిలబడ్డావు? నూకాలు కట్టిందండి. నూకాలూ, నూకాలూ, ఎందుకు కట్టావు? మొగుణ్ణి పడవ గుద్దిందండి. పడవా, పడవా, ఎందుకు గుద్దావు? దోనె కనబళ్ళేదండి. దోనే, దోనే, ఎందుకు కనబళ్ళేదు? పేరంటాలు మసి పూసిందండి.

అందరూ పేరంటాలు వైపు తిరిగారు. అంతమంది కళ్ళు మీద పడేసరికి ఆవిడ నూకాలు వెనక్కి నక్కింది. ఎందుకు పూశావు, ఎవరి కంటికి భయపడ్డావని అడిగాడు రాజు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అందరి కళ్ళకీ భయమే బాబూ. తమరి కన్ను తప్ప. అదెప్పుడూ మా మీద పడలేదుగా” అంది.

 మేళగాళ్ళు వాయించడం ఆపేశారు. రాజు లేచి, ఆ సింహాసనాన్ని పడవ వెనక భాగానికి జరిపించండిరా అన్నాడు. సరంగుని ముందుకి చూసి నడపమన్నాడు. ఊళ్ళో ప్రతి దోనెకీ బొమ్మ ఉండాలని చాటింపు వేయించాడు. బొమ్మ మీసాలు ఎవరివో కనిపెట్టాడు గానీ, కనిపెట్టనట్టే ఊరుకున్నాడు.

ఆవేళ సాయంత్రం పేరంటాలు గట్టున కూచుంది. అన్నేళ్ళూ కొడుకు నీళ్ళ మీదికి వెళితే చాలు, ఆ నలుపులో వాడెక్కడున్నాడో తెలీక, దోనె ఒడ్డుకి తగిలే చప్పుడు వినేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచునేది. ఆవేళ అల్లంత దూరాన తెల్లకుండ కనబడింది, గంట వినబడింది. నా కొడుకొస్తున్నాడే నూకాలూ అని చిన్నపిల్లలా ఏడ్చేసింది. అందరి కళ్ళనించీ దాచి దాచి, తన కళ్ళనించి కూడా దాచేసుకుంది పిచ్చిది.

అంచేత ఎక్కడికెళ్ళినా నలుగురికీ కనబడేలా వెళ్ళండి, వినబడేలా రండి. రేపు మీకు ఉప్పు తిప్పి పొయ్యిలో వేస్తాను, అది వేరే సంగతి. కథ కంచి దారి పట్టింది, దోనె ఒడ్డుకి చేరింది, మనం నిద్దట్లోకి. కాశీ, ఆ దుప్పటి వదలరా.