ఖాళీ మగ్గానికి వేలాడే కొసలు

భావనారాయణగారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "గురువుగారూ, టైమెంతయింది?" అన్న పాపానికి ఒకాయన పొద్దువాలేదాకా నూలు కండెలు చుట్టి, ఆ తర్వాతే టైము తెలుసుకుని ఇంటికి పోయాడని నేతపేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పగలు గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేసేవారు, సాయంత్రమైతే ఆ మగ్గం పక్కనే తంబుర పట్టి తత్వాలు నేర్పేవారు. ఆయన గొంతెత్తితే పక్క ఊళ్ళో గేదెలు దూడ లేకుండానే పాలు చేపేవి. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ గేదెల్నే అడగవచ్చు.

ఆయన శిష్యుల్లో ఒకడు మార్కండేయులు. మంచి నేతగాడే. లారీ కింద పడి కుడికాలు పోయాక, మగ్గం తొక్కడానికి ఒంటికాలు చాలక, భార్య కనకవల్లిని మగ్గంలో కూర్చోబెట్టి తాను కండెలు చుట్టే రాట్నం ముందేసుకున్నాడు. వికలాంగుల పింఛను ఇంట్లో మూడో మనిషిలాగా నెలనెలా తలుపు తట్టేది. ఒక నెల తట్టలేదు. డాక్టరు మళ్ళీ చూసి సర్టిఫికెట్టు ఇచ్చేదాకా రాదన్నారు. చూసేదెప్పుడయ్యా అంటే, కబురు చేస్తామన్నారు. పోయిన కాలు మళ్ళీ మొలిచిందేమో చూడాలి కాబోలు!

పింఛను ఆగింది గానీ బిల్లులు ఆగలేదు. డబ్బు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తామని కరెంటువాళ్ళు చెప్పిపోయారు. ఫ్యూజు పోతే దీపం పోతుంది, దీపం పోతే ఆ చీకటి గదిలో కనకవల్లి మగ్గం ఆగిపోతుంది, మగ్గం ఆగితే ఇక పొయ్యి సంగతి చెప్పనక్కర్లేదు. పాల ఆదెమ్మ బాకీ అయితే గుమ్మంలో కొండలా పెరిగి, ఇంట్లోకి వెలుతురు రానివ్వడం లేదు.

మార్కండేయులు పరువుగల మనిషి. పరువుగల మనుషులు చేసే పనే చేశాడు, దాక్కున్నాడు. ఆదెమ్మ క్యాను చప్పుడు వినపడితే దొడ్డిదారి పట్టేవాడు. చేతికర్ర టకటకమనకుండా కొసకి పాతగుడ్డ చుట్టాడు. ఒంటికాలి మనిషి పిల్లికన్నా మెత్తగా నడవడం ఆ పేట చూడటం అదే మొదలు. కరెంటువాళ్ళొస్తే ఊళ్ళో లేనని చెప్పమన్నాడు భార్యతో.

"ఊళ్ళో లేని మనిషికి కంచమెందుకు పెట్టాలో అదీ చెప్పు," అంది కనకవల్లి.

అంటూనే కంచం పెట్టింది. ఆ సాయంత్రం గురువుగారి దగ్గరికి వెళ్ళి అడిగాడు: "గురువుగారూ, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు, బాకీ ఉన్నవాళ్ళ మొహం మనిషి ఎలా చూడాలి?"

గురువుగారు అప్పుడే నేసిన చీర కోసి మగ్గం మీంచి దింపారు. పాత పడుగులోని నిలువుపోగుల కొసలు జానెడు మిగిలి, పోగులు దూర్చే అచ్చులోంచి పీచులా వేలాడుతున్నాయి. నూలిచ్చే షావుకారు దగ్గర్నుంచి కొత్త పడుగు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆయన శిష్యుడి వైపు చూడకుండా, గుప్పెడు కొసలు పట్టుకుని అచ్చులోంచి సర్రున లాగేశారు.

మార్కండేయులుకి తన రెండో కాలు కూడా పోయినట్టయింది. "అయ్యో, అదేం పని గురువుగారూ!"

"పనిలేని మగ్గానికి ఈ చింపిరిజుట్టెందుకురా? వచ్చేపోయేవాళ్ళు చూస్తే నామోషీ." మళ్ళీ గుప్పెడు లాగారు.

మార్కండేయులు కర్ర పారేసి, ఒంటికాలి మీద ఒక్క గంతేసి ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. "మీకేమైనా మతిపోయిందా? పడుగు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. వచ్చినప్పుడు దేనికి అతుకుతారు? కొస ఉంటే పోగుకి పోగు మెలేసి, మర్నాటికల్లా మగ్గం ఆడించొచ్చు. పీకేస్తే వేల పోగులూ మొదట్నుంచి దూర్చుకోవాలి! ఖాళీ మగ్గానికి ఉన్న ఆస్తల్లా ఆ కొసలే కదండీ!"

"అలాగా," అన్నారు గురువుగారు, పుట్టి బుద్ధెరిగి మగ్గం చూడనివాడిలా. "అయితే పీకినవి నువ్వే దూర్చు."

మార్కండేయులు గొణుక్కుంటూ కూర్చుని దూర్చడం మొదలుపెట్టాడు. సగంలో అతని చెయ్యి ఆగింది. వేళ్ళ మధ్య పోగు అలాగే పట్టుకుని, పక్కన పడున్న కర్ర కొసకి తాను చుట్టిన గుడ్డ వైపు చూశాడు. తర్వాత మిగిలినవన్నీ దూర్చి, దణ్ణం పెట్టి, కర్రకున్న గుడ్డ అక్కడే విప్పి పారేసి వెళ్ళిపోయాడు.

తెల్లారాక ఆదెమ్మకి నడివీధిలో ఎదురెళ్ళాడు.

"ఏమయ్యోయ్, బతికే ఉన్నావా? నీ పెద్దకర్మకి పెరుగు తోడెయ్యాలేమో అనుకుంటున్నా!"

"ఉన్నాను ఆదెమ్మా. పింఛను ఆగింది, ఎప్పుడొస్తుందో తెలీదు. రేపట్నుంచి అరలీటరు వద్దు, పావు చాలు. నాలుగిళ్ళకి కండెలు చుట్టి, ఆ కూలిలోంచి శనివారం శనివారం కొంత నీ చేతిలో పెడతా. పాతదంతా పింఛను రాగానే."

ఆదెమ్మ తిట్టింది. ఆ తిట్లకి వీధి చివర కుళాయి భయపడి నీళ్ళు మానేసింది. తిడుతూనే పావులీటరు పోసింది.

మార్కండేయులు అట్నుంచి నాలుగిళ్ళు తిరిగి, బయటివాళ్ళ కండెలూ చుడతానని ఒప్పుకున్నాడు. రాట్నం తిరిగిన తిరుగుడుకి పేట మొత్తానికి ఫ్యాన్లు అక్కర్లేకపోయాయి. చేతికొచ్చిన ముందుకూలి పట్టుకుని, ఫ్యూజు పీకేవాళ్ళు రాకముందే తానే కరెంటాఫీసుకి వెళ్ళాడు. దాక్కోకుండా వచ్చిన బాకీదారుని చూసి అక్కడి గుమాస్తా కాసేపు నోరు తెరిచి, సగం కట్టించుకుని, మిగతాది వచ్చే బిల్లుతో కట్టమన్నాడు.

కొన్ని వారాలకి మార్కండేయులు గురువుగారి ముందు కూర్చున్నాడు. "డాక్టరు కబురు ఇంకా రాలేదు గురువుగారూ. రోజూ వెళ్ళి అడుగుతూనే ఉన్నా. దీపం వెలుగుతోంది, కనకవల్లి మగ్గం ఆడుతోంది. ఒక్కటే బాధ. ప్రతి శనివారం ఆదెమ్మ డబ్బు తీసుకుని మరీ తిడుతోంది. మొన్న మా ఏడుతరాల వాళ్ళనీ పేరుపేరునా పిలిచి తిట్టింది."

గురువుగారు తంబుర ఒళ్ళో పెట్టుకుని తీగ బిగించారు.

"తిడుతోందా? అయితే కొస ఇంకా వదల్లేదన్నమాట."